తేనెలో కలిపిన పొడి, పొద్దున మానేసిన మాత్ర

గోదావరి జిల్లాల నుంచి ఒక తల్లి రాసిన ఉత్తరం ఇది. పేరు, ఊరు బయటపెట్టొద్దన్నారు. ఉత్తరం పెద్దది, సారాంశం మాత్రం చెబుతాను.

ఆమె కూతురికి 21 ఏళ్లు, డిగ్రీ ఆఖరి సంవత్సరం. పద్నాలుగో ఏట బడిలో ప్రార్థనకు నిలబడి ఉండగా మొదటిసారి ఫిట్స్ వచ్చి పడిపోయింది. ఏడాదిలో మరో రెండుసార్లు వచ్చాయి. పట్నంలో డాక్టరు పరీక్షలన్నీ చేయించి ఫెనిటాయిన్ మాత్రలు రాశారు. పొద్దున ఒకటి, రాత్రి రెండు. మధ్యలో ఎప్పుడో మాత్ర మరిచిపోయినప్పుడు తప్ప మళ్లీ రాలేదు. గత మూడేళ్లుగా అయితే ఒక్కసారి కూడా లేదు. ఇప్పుడు సంబంధాలు చూస్తున్నారు. "మాత్రల డబ్బా చేతికిచ్చి అత్తారింటికి పంపుతామా?" అని నాయనమ్మ పట్టుబట్టడంతో, పెదనాన్న పిల్లను ఏజెన్సీ వైపు ఒక ఆకు వైద్యుడి దగ్గరికి తీసుకెళ్లారు. ఆయన ఒక పొడి ఇచ్చి మండలం రోజులు రెండు పూటలా తేనెలో తినమన్నాడు. ఇంగ్లీషు మందు, చెట్టు మందు ఒక కడుపులో ఇమడవు, మెల్లగా మాత్రలు మానిపించండి అన్నాడు. ముందు పొద్దుటి మాత్ర ఆపేశారు. అయిదో వారంలో, పరీక్ష కోసం రాత్రంతా మేలుకుని చదివిన అమ్మాయి తెల్లవారుజామున పొయ్యి దగ్గర కాఫీ పెట్టుకుంటూ పడిపోయింది. మోచేయి కాలింది.

"మా ఆయన పొడి వల్లే వచ్చిందని డబ్బా పెరట్లోకి విసిరేశారు. మా అత్తగారు మాత్రల వేడివల్లే వచ్చిందని, మండలం పూర్తికాకుండా పొడి ఆపితే రోగం తిరగబడుతుందని ఏడుస్తున్నారు. నేను ఆ డబ్బా తెచ్చి బియ్యం డ్రమ్ము వెనక దాచాను. రెండూ ఇవ్వొచ్చా? మన పెద్దవాళ్లు వాడిన ఆకులన్నీ అబద్ధమేనా? పెళ్లివారికి చెప్పాలా వద్దా?" అని అడిగారు. చివర్లో, సంతకానికి పైన, ఒక్క ముక్క రాశారు. "అమ్మాయి మాత్రం పొడే కావాలంటోంది. ఈ మధ్య నవ్వితే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంటోంది. ఎందుకో చెప్పదు."

అమ్మా, మీ ఉత్తరంలో నన్ను పట్టుకుని వదలనిది ఆ చివరి ముక్కే. దాని దగ్గరికి తప్పకుండా వస్తాను. ముందు ఆలస్యం చేయకూడని మాట ఒకటుంది. మానేసిన పొద్దుటి మాత్ర సంగతి, పొడి సంగతి, పడిపోయిన సంగతి మూడూ ఈరోజే మాత్రలు రాసిన డాక్టరుకు చెప్పండి. రాసిన మోతాదుకు మళ్లీ ఎలా వెళ్లాలో ఆయన్నే అడగండి. తప్పిపోయినవన్నీ కలిపి ఒకేసారి వేయించకండి. ఆకు వైద్యుడి దగ్గరికి వెళ్లామంటే తిడతారేమో అని మీకు భయం ఉండొచ్చు. తిట్టినా సరే, చెప్పండి. ఆ ఒక్క విషయం దాస్తే ఆయన లెక్కంతా తప్పుతుంది.

ఇక మీ ఇంట్లో తగువు. మీవారు పొడిని తప్పుపడుతున్నారు, మీ అత్తగారు మాత్రల్ని తప్పుపడుతున్నారు. నాకు కనిపిస్తున్నది వేరు. అయిదు వారాల్లో మీ అమ్మాయి విషయంలో మూడు మార్పులు జరిగాయి. మాత్ర తగ్గింది. కొత్త పొడి చేరింది. ఒక రాత్రంతా నిద్ర లేకుండా పోయింది. ఈ మూడింటిలో ఏ ఒక్కదానివల్లైనా ఫిట్స్ రావచ్చు. నిద్ర లేకపోవడం ఒక్కటే చాలు చాలామందికి. ఫెనిటాయిన్ సంగతి ఇంకా సున్నితం. మూడు మాత్రల్లో ఒకటి మానేస్తే మందు బలం మూడో వంతే తగ్గుతుందని మనం అనుకుంటాం. అలా జరగదు. ఈ మందును విరిచే శక్తి కాలేయానికి ఒక హద్దు వరకే ఉంటుంది. అందుకే మోతాదు కాస్త పెంచితే రక్తంలో మట్టం ఒక్కసారిగా ఎగబాకుతుంది, కాస్త తగ్గిస్తే అనుకున్నదానికంటే ఎక్కువగా పడిపోతుంది. మామూలుగా లీటరు రక్తద్రవంలో 10 నుంచి 20 మిల్లీగ్రాముల మధ్య ఉండాలని చూస్తారు. కిందికి పోతే ఫిట్స్, పైకి పోతే తూలుడు, కళ్లు తిరగడం. అంత ఇరుకు దారి అది. కాబట్టి పొడిదే నేరమని మీవారు, మాత్రల వేడివల్లే అని అత్తగారు అనడానికి ఆధారం లేదు. మాత్ర తగ్గించడం మాత్రం ఖాయంగా పొరపాటే.

"ఆకులన్నీ అబద్ధమేనా?" అన్నారు. కాదమ్మా. ఆ ప్రశ్నకు నిదానంగా జవాబు చెప్పాలని ఉంది, ఎందుకంటే మీ అత్తగారిని ఇంట్లో ఎవరూ మూర్ఖురాలిగా చూడకూడదు.

మూర్ఛకు మొక్కల వైద్యం మన దగ్గర చాలా పాతది. చరక సంహితలో అపస్మారం పేరుతో దీనికి చికిత్సాస్థానంలో ఒక అధ్యాయమే ఉంది. వాత, పిత్త, కఫ, సన్నిపాత భేదాలు చెప్పి, బ్రాహ్మీ ఘృతం, పంచగవ్య ఘృతం వంటివి చెప్పారు. అదే అధ్యాయంలో ఇంకో మాట ఉంది, ఆకు వైద్యులు దాన్ని ఎత్తగా నేను వినలేదు. ఈ జబ్బున్నవాళ్లను నీళ్ల నుంచి, నిప్పు నుంచి, చెట్ల నుంచి, కొండల నుంచి ఎప్పుడూ కాపాడుకోవాలి, అవి క్షణంలో ప్రాణం తీస్తాయి అని. మీ అమ్మాయి పడింది పొయ్యి దగ్గర. మీ అత్తగారికి ఈ మాట చదివి వినిపించండి. పాత వైద్యాన్ని నమ్మేవారికి పాత వైద్యమే చెప్పిన జాగ్రత్త త్వరగా ఎక్కుతుంది.

మొక్కలో ఫిట్స్ తగ్గించే గుణం ఉండొచ్చని ఆధునిక వైద్యం కూడా ఒప్పుకుంది. 19వ శతాబ్దం మొదటి సగంలో కలకత్తాలో పనిచేసిన ఓషాగ్నెసీ అనే వైద్యుడు, ఫిట్స్ ఆగని ఒక పసిబిడ్డకు గంజాయి సారం చుక్కలు వేసి ఫలితం చూశాడు, ఆ సంగతి రాసిపెట్టాడు. అదే మొక్క నుంచి తీసిన కానబిడియోల్‌ను, మత్తు కలిగించే భాగం లేకుండా శుద్ధి చేసి, 2018లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ పిల్లల్లో వచ్చే రెండు రకాల మొండి మూర్ఛలకు అనుమతించింది. అయితే ఆ రెంటి మధ్య ఏం జరిగిందో చూడండి. ఏ పదార్థం పనిచేస్తోందో వేరు చేశారు, ఎంత వేయాలో తేల్చారు, ఉత్తుత్తి మందు ఇచ్చిన పిల్లలతో పోల్చారు, వేరే మాత్రలతో కలిస్తే ఏమవుతుందో కొలిచారు. మన సరస్వతి ఆకుకు, వసకు, శంఖపుష్పికి, జటామాంసికి ఎలుకల మీద ఆశ కలిగించే ఫలితాలు ఉన్నాయి. మనుషుల మీద ఆ స్థాయి పరీక్ష పూర్తయి, "ఇది మాత్రకు బదులు సరిపోతుంది" అని తేలిన ఆకు వాటిలో ఒక్కటీ లేదు.

పేర్ల గందరగోళం ఇంకొకటి. శంఖపుష్పి అంటే ఒక చోట ఒక తీగ, ఇంకోచోట మనం విష్ణుక్రాంత అనేది, మరో చోట పెరట్లో నీలంగా పూసే శంఖుపువ్వు. బ్రాహ్మి అంటే కొందరికి తడినేలలో పాకే చిన్న దళసరి ఆకుల మొక్క, మన పల్లెల్లో చాలామందికి గుండ్రటి సరస్వతి ఆకు. రెండూ వేరు వేరు మొక్కలు. మీకిచ్చిన పొడిలో ఏముందో పేరు చెప్పినా, ఆ పేరు ఏ మొక్కదో తేలదు.

వస సంగతి నా సొంత జ్ఞాపకం. మా అమ్మమ్మ వస కొమ్మును తేనెలో అరగదీసి మా అందరి నాలుకలకూ రాసింది, మాటలు త్వరగా రావాలని. వసపిట్టలా వాగుతున్నావని తిట్టిందీ ఆమే. ఆ వాసన ఇప్పటికీ నాకిష్టం. కానీ వసలో బీటా అసరోన్ అనే పదార్థం ఉంటుంది. అది ఉన్న వస నూనెను ఎలుకలకు పెడితే కణితులు వచ్చాయని 1968లో అమెరికాలో వసను ఆహారంలో వాడకుండా నిషేధించారు. నాలుకకు రాసిన చుక్క ఒకటి, మండలం రోజులు రెండు పూటలా చెంచా పొడి తినడం ఇంకొకటి.

ఇప్పుడు మీ అసలు ప్రశ్న. రెండూ ఇవ్వొచ్చా?

ఫెనిటాయిన్ వాడే మనిషికి ఈ ప్రశ్న చాలా ముఖ్యం. ముంబయిలో ఫెనిటాయిన్‌తో అదుపులో ఉన్న ఇద్దరికి, శంఖపుష్పి కలిసిన ఆయుర్వేద మందు తీసుకోవడం మొదలుపెట్టాక ఫిట్స్ తిరిగొచ్చాయి. అక్కడి పరిశోధకులకు అనుమానం వచ్చి ఎలుకల్లో పరీక్షించారు. ఆ మందు రక్తంలో ఫెనిటాయిన్ మట్టాన్ని తగ్గించింది, దాని పనినీ తగ్గించింది. 1992లో ఈ ఫలితం ప్రచురించారు. సరిగ్గా దీనికి ఎదురుగా, మిరియాల్లో, పిప్పళ్లలో ఉండే పైపరిన్ ఫెనిటాయిన్ మట్టాన్ని పెంచుతుందని మనుషుల్లోనే చూశారు. చారులో వేసే మిరియాలకు భయపడక్కర్లేదు. కానీ మన చూర్ణాల్లో చాలావాటికి శొంఠి, మిరియాలు, పిప్పళ్లు కలిసిన త్రికటు జోడిస్తారు. అంటే ఒకే డబ్బాలో మాత్రను కిందికి లాగేదీ, పైకి తోసేదీ రెండూ ఉండొచ్చు. ఆకు పనిచేయదని కాదు నా భయం. కొలత లేకుండా పనిచేస్తుందేమోనన్నదే.

ఇంకో రెండు అనుమానాలు చెప్పక తప్పదు. ఆకు పొడి పేరుతో అమ్మేవాటిలో ఫినోబార్బిటోన్ అనే పాత ఇంగ్లీషు మాత్రనే నూరి కలిపిన సందర్భాలు మన దేశంలో బయటపడ్డాయి. అలాంటి పొడి తింటే ఫిట్స్ నిజంగానే తగ్గుతాయి, ఊరంతా ఆకు మహిమ అనుకుంటుంది. దాన్ని ఒక్కసారిగా మానేస్తే మాత్రం ఆగకుండా ఫిట్స్ రావచ్చు. మీ అత్తగారు "మధ్యలో ఆపితే తిరగబడుతుంది" అన్న మాటకు ఆ ఒక్క సందర్భంలో అర్థం ఉంది. అందుకే అడుగుతున్నాను, పొడి తిన్న రోజుల్లో అమ్మాయి అదివరకు లేనంత మత్తుగా ఉండేదా? అలా ఉంటే డాక్టరుకు తప్పక చెప్పండి. రెండోది సీసం. 2004లో వెలువడిన ఒక పరిశోధనలో, అమెరికాలోని బోస్టన్ చుట్టుపక్కల దుకాణాల్లో కొన్న 70 ఆయుర్వేద మందులను పరీక్షిస్తే 14 వాటిలో సీసం, పాదరసం, ఆర్సెనిక్‌లలో ఏదో ఒకటి హానికర మోతాదులో దొరికింది. సీసం ఎక్కువైతే దానివల్లే ఫిట్స్ వస్తాయి. బియ్యం డ్రమ్ము వెనక దాచిన డబ్బాను పారేయకండి, అలాగే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. మీరు దాన్ని పెరట్లోంచి తేవడం మంచిపనే అయింది.

మరి ఏం చేయొచ్చు? మీ ముందు నాలుగు దారులు కనిపిస్తున్నాయి.

పొడి మండలం పూర్తిచేసి మాత్రలు పూర్తిగా మానేయడం ఒకటి. మీ ఇంట్లో పెద్దలు కోరుతున్నది ఇదే. మూడేళ్లు రాకపోవడం మాత్రల బలంతో వచ్చిన నెమ్మది. దాన్ని ఒక్కసారి లాగేస్తే ఫిట్స్ ఒకదాని వెంట ఒకటి తెరిపి లేకుండా వచ్చే ప్రమాదం ఉంది, అది ప్రాణాంతకం. అదుపులో లేని మూర్ఛ ఉన్నవాళ్లు నిద్రలోనే పోయిన సందర్భాలూ ఉన్నాయి. ఈ దారి నేను వద్దంటాను.

పొడి ఆపి, పాత మాత్రలే పూర్తి మోతాదులో కొనసాగించడం ఇంకొకటి. తేలిక, ఖర్చు తక్కువ. రక్తంలో ఫెనిటాయిన్ మట్టం ఒకసారి చూపించుకుంటే ఎక్కడున్నారో తెలుస్తుంది. కానీ ఇందులో అమ్మాయి మనసులో ఉన్న బాధ అలాగే ఉండిపోతుంది, ఇంకో ఏడాదికి ఇంకో ఆకు వైద్యుడు దొరుకుతాడు.

మీ అత్తగారికి ఆయుర్వేదం మీద నమ్మకం ఉంది గనక, అది కావాలంటే చాటుగా కాకుండా చేసే పద్ధతి ఉంది. ఆయుర్వేదంలో పట్టా ఉన్న వైద్యుడి దగ్గరికి వెళ్లండి. మందులో ఏమేమి ఉన్నాయో కాగితం మీద రాయించుకోండి. ఆ కాగితం న్యూరాలజిస్టుకు చూపించి, ఆయన సరేనన్నాకే, మాత్ర ఒక్కటి కూడా తగ్గించకుండా మొదలుపెట్టండి, రక్తపరీక్ష చేయించుకుంటూ. ఖర్చు, తిరుగుడు ఎక్కువ. "రాసివ్వను, ఇది మా తాతల రహస్యం" అనేవారి మందు మాత్రం మీ పిల్ల నోట్లోకి పోనివ్వకండి. మూర్ఛ నయం చేస్తామని ప్రకటనలు ఇవ్వడం 1954 నాటి మందులు, మాయ చికిత్సల చట్టం కింద నేరం. ఆ చట్టం జాబితాలో మూర్ఛ పేరు పెట్టి మరీ ఉంది.

నాలుగోది, ఉన్న మాత్రనే మార్చమని అడగడం. ఇక్కడే ఆ నోటికి అడ్డం పెట్టుకున్న చెయ్యి గుర్తొచ్చింది నాకు.

ఫెనిటాయిన్ ఏళ్ల తరబడి వాడితే చాలామందికి చిగుళ్లు వాచి పళ్ల మీదికి పెరుగుతాయి. బ్రష్ చేస్తే రక్తం వస్తుంది. కొందరు ఆడపిల్లలకు ముఖం మీద, చేతుల మీద వెంట్రుకలు ఒత్తుగా వస్తాయి. 14 ఏళ్ల నుంచి 21 దాకా అద్దం ముందు ఇది చూసుకుంటూ వచ్చిన పిల్ల, పెళ్లిచూపులకు కూర్చోవలసిన పిల్ల, "మాత్ర లేకుండా నయమవుతుంది" అని ఎవరైనా చెబితే నమ్మకుండా ఎలా ఉంటుంది? ఆమె పొడి కోరుకోవడం మూఢనమ్మకం అని నేననుకోను. తనకు వినిపించిన ఒకే ఒక్క దారి అది. నా అంచనా తప్పు కావచ్చు. ఒకసారి తనతో మాట్లాడి, చిగుళ్లు చూడండి.

అదే నిజమైతే దానికి మార్గం ఉంది. ఫెనిటాయిన్ 1938 నుంచి వాడుకలో ఉన్న మందు. మంచి మందే, చవక, కానీ వయసులో ఉన్న ఆడపిల్లకు ఇప్పుడు వేరేవి ఉన్నాయి. లెవెటిరాసెటామ్, లామోట్రిజిన్ లాంటివి చిగుళ్లను పెంచవు. మొదటిదానితో కొందరికి చిరాకు, కోపం పెరుగుతాయి. రెండోదాన్ని చాలా మెల్లగా వారాల తరబడి పెంచుకుంటూ పోవాలి, ఒంటి మీద దద్దుర్లు వస్తే వెంటనే డాక్టరుకు చెప్పాలి. ఏ మందుకు మారినా కొత్తది ఎక్కిస్తూ పాతది దించడానికి సమయం పడుతుంది. ఆ కొన్ని వారాలు బావి గట్టు, చెరువు, పొయ్యి, మేడ అంచు దగ్గర ఒంటరిగా ఉండనివ్వకండి. ఒక్క మందు పేరు గుర్తుపెట్టుకోండి, వాల్‌ప్రోయేట్. మూర్ఛకు బాగా పనిచేస్తుంది గానీ గర్భంలో బిడ్డకు వెన్నెముక లోపాలు, బుద్ధి ఎదుగుదల లోపాలు కలిగించే ప్రమాదం మిగతా మందులకన్నా ఎక్కువ. పెళ్లి కావలసిన పిల్లకు ఎవరైనా అది రాస్తే, వేరే దారి లేదా అని అడగండి. పెళ్లికి ముందునుంచే ఫోలిక్ యాసిడ్ గురించి కూడా అడగండి. మందు మారిస్తే చిగుళ్లు కొన్ని నెలల్లో చాలావరకు తగ్గుతాయి, మిగిలింది పళ్ల డాక్టరు సరిచేస్తారు. దగ్గర్లో న్యూరాలజిస్టు లేకపోతే విశాఖ కేజీహెచ్‌లో న్యూరాలజీ విభాగం ఉంది, ఒక్క రోజు ప్రయాణం.

ఏడేళ్ల కిందటి స్కాన్ కాగితాలు కూడా పట్టుకెళ్లండి. మన దేశంలో చాలామందికి మూర్ఛ రావడానికి కారణం మెదడులో చేరిన బద్దెపురుగు పిల్ల. పంది మాంసం తిననివాళ్లకు కూడా, సరిగా కడగని కూరల ద్వారా, నీళ్ల ద్వారా దాని గుడ్లు చేరతాయి. అలాంటి మచ్చ ఏదైనా అప్పట్లో కనిపించిందా, ఇప్పుడు మానిందా అన్నదాన్ని బట్టి మాత్రలు ఎన్నాళ్లన్నది మారుతుంది. కనీసం రెండేళ్లు ఫిట్స్ లేకుండా ఉన్నవారికి మాత్రలు మెల్లగా దించవచ్చా అని డాక్టర్లు ఆలోచిస్తారు. మూడేళ్లు గడిచాక మీరు ఆకు వైద్యుడిని కాక న్యూరాలజిస్టును ఆ ప్రశ్న అడిగి ఉంటే బాగుండేది. ఇప్పుడు మళ్లీ వచ్చింది గనక ఆ లెక్క కొత్తగా మొదలవుతుంది. అయినా ఆ ప్రశ్న అడిగే హక్కు మీకు ఎప్పుడూ ఉంటుంది.

పెళ్లివారి సంగతి. ఒకప్పుడు హిందూ వివాహ చట్టంలో మాటిమాటికీ వచ్చే మూర్ఛ పెళ్లికి అడ్డు అని రాసి ఉండేది. 1999లో చట్టాన్ని సవరించి ఆ మాట తీసేశారు. మూర్ఛ ఉన్న అమ్మాయి పెళ్లి చట్టం ముందు అందరి పెళ్లిలాంటిదే. కానీ చెప్పడం, చెప్పకపోవడం మీ చేతిలో ఉంది, రెంటికీ ఫలితాలున్నాయి. చెబితే కొన్ని సంబంధాలు వెనక్కి పోతాయి. ఊళ్లో మాట పాకుతుంది. ఆ నొప్పి చిన్నదని నేను అనను. దాస్తే ఏమవుతుందో కూడా చూడండి. రాత్రి ముహూర్తం, రెండు రోజులు నిద్ర లేకపోవడం, ఉపవాసం, కొత్త ఇల్లు. ఆ ఇంట్లో ఎవరూ చూడకుండా మాత్ర ఎక్కడ వేసుకుంటుంది? దాచిపెట్టి పెళ్లి చేస్తే మాత్ర తప్పిపోవడం తేలిక, ఫిట్స్ అప్పుడే రావచ్చు. అప్పుడు జబ్బుకన్నా దాచిన సంగతే పెద్ద నేరమై కూర్చుంటుంది, మోసం చేశారని కోర్టుదాకా వెళ్లిన కాపురాలున్నాయి. నేనైతే పెద్దలందరి ముందు కాకుండా, సంబంధం ఒక కొలిక్కి వస్తోందనిపించినప్పుడు అబ్బాయికి అమ్మాయి చేతే చెప్పిస్తాను, డాక్టరు కాగితం చేతిలో పెట్టి. ఇది నా అభిప్రాయం. మీ ఊరు, మీ బంధువులు మీకు తెలిసినట్టు నాకు తెలియరు.

ఇంకా ఒక పని మిగిలింది. ఈసారి ఫిట్స్ వస్తే ఇంట్లో ఏం చేయాలో అత్తగారికే నేర్పించండి, ఎక్కువ సేపు ఇంట్లో ఉండేది ఆమె గదా. చేతిలో తాళంచెవులు పెట్టొద్దు, ముక్కు దగ్గర ఉల్లిపాయ వద్దు, నోట్లో చెంచా గానీ నీళ్లు గానీ పసరు గానీ వద్దు. పసరు ఊపిరితిత్తుల్లోకి పోతే ఫిట్స్‌కన్నా అదే ప్రమాదం. పక్కకు తిప్పి పడుకోబెట్టి, తల కింద మెత్తటిది పెట్టి, గడియారం చూస్తూ పక్కనే కూర్చోవాలి. అయిదు నిమిషాలు దాటినా, తెలివి రాకుండానే మళ్లీ మొదలైనా ఆసుపత్రికి. అలాంటప్పుడు ముక్కులో కొట్టే మిడజోలామ్ స్ప్రే ఇంట్లో ఉంచుకోవచ్చా అని డాక్టరును అడగండి. కర్పూరం కలిపిన నూనెలు, నీలగిరి తైలం తలకు, ఛాతీకి పట్టించడం కూడా ఆపించండి. ఆ రెండూ మెదడును రెచ్చగొట్టి ఫిట్స్ తెప్పించగలవు.

డాక్టరు దగ్గరికి అమ్మాయితోపాటు మీవారు, అత్తగారు కూడా రావాలనుకుంటారు, రానివ్వండి. లోపలికి మాత్రం ముందు తననొక్కదాన్నే పంపి, మీరంతా ఓ పది నిమిషాలు బయట బల్ల మీద కూర్చోండి. చిగుళ్ల సంగతి మీ ముందు చెప్పలేకపోయిన పిల్ల, అక్కడ చెప్పుకోగలదు.